ఒకే చేప, పది గాలాలు: జనం పెరిగాక ఫ్లై ఫిషింగ్ ఎలా మారింది

అమెరికాలోని యెల్లోస్టోన్ నదిలో కొంత మేర, పట్టిన చేపను తిరిగి నీళ్లలో వదిలేయాలన్న నియమం ఉంది. అక్కడి కట్‌త్రోట్ ట్రౌట్ చేపల మీద శాస్త్రవేత్తలు చేసిన పరిశీలన ఒకటి 1986లో అచ్చయింది. ఒక్కో చేప ఒక్క సీజన్‌లో సగటున 9.7 సార్లు గాలానికి చిక్కుతోందని అందులో తేలింది. అంటే దాదాపు పదిసార్లు. పదిసార్లు మోసపోయి, పదిసార్లు పెనుగులాడి, పదిసార్లు మనిషి చేతుల్లోంచి జారి, మళ్లీ అదే నీళ్లలో ఈదుతున్న చేప అది.

ఈ అంకెను రెండు రకాలుగా చదవొచ్చు. వదిలేయబట్టే కదా అది పదోసారి దాకా బతికి ఉంది అనొచ్చు. నిజానికి ఒకసారి పట్టి వదిలినందుకు చనిపోయేవి వెయ్యికి మూడు మాత్రమేనని అదే పరిశీలన చెప్పింది. లేదా, ఒక్క చేప వెనక అంతమంది పడుతుంటే ఇంక ఆ నదికి ప్రశాంతత ఎక్కడిది అనీ అనొచ్చు. ఫ్లై ఫిషింగ్ చేసేవాళ్లలో ఎన్నో ఏళ్లుగా నడుస్తున్న గొడవంతా ఈ రెండు మాటల మధ్యే తిరుగుతోంది.

నాది గోదావరి ఒడ్డున ఊరు. పైచదువుకి మోంటానా రాష్ట్రంలోని బోజ్‌మన్ వెళ్లాను. అక్కడికి దగ్గర్లోనే గాలటిన్ నది, ఇంకాస్త దూరం వెళ్తే మాడిసన్. మా పక్కింట్లో ఉండే పెద్దాయన, రిటైరైన స్కూలు టీచరు, నన్ను మొదటిసారి నది దగ్గరికి తీసుకెళ్లి గంటసేపు నీళ్లలోకి దిగనివ్వలేదు. ఒడ్డున కూర్చోబెట్టి చూడమన్నాడు. ఏ రాయి వెనక నీళ్లు నెమ్మదిస్తున్నాయి, ఎక్కడ పురుగులు లేస్తున్నాయి, ఎక్కడ చేప మూతి పైకి తేలుతోంది, అవతల ఎవరైనా ఉన్నారా, ఉంటే వాళ్లు ఎటువైపు నడుస్తున్నారు. ఇవన్నీ నాచేత చెప్పించాక గానీ రాడ్ చేతికివ్వలేదు. జనం పెరిగాక నదిలో చోటు ఇరుకైన మాట నిజమే. నాకు అంతకన్నా పెద్ద నష్టంగా కనిపించేది, ఆ గంట పోవడం.

మన ఏటి ఒడ్డున గాలం వేసేవాళ్లని చూసినవాళ్లకి ఈ పద్ధతి వింతగా ఉంటుంది. మనం గాలానికి వానపామో పిండిముద్దో గుచ్చుతాం. బరువుకి సీసం గుండు కడతాం, ఆ బరువే దారాన్ని దూరం లాక్కెళ్తుంది. ఫ్లై ఫిషింగ్‌లో ఎరకి చెప్పుకోదగ్గ బరువే ఉండదు. చిన్న గాలపు ముల్లుకి ఈకలు, బొచ్చు, దారం చుట్టి పురుగులా చేసిన బొమ్మ అది. దాన్నే ఫ్లై అంటారు. ఊదితే ఎగిరిపోయే దాన్ని ముప్పై అడుగుల దూరం విసరడం ఎలా? అందుకే బరువంతా దారానికే పెట్టారు. పూత పూసిన ఆ లావు దారాన్ని రాడ్‌తో వెనక్కీ ముందుకీ ఊపితే, అది గాలిలో చుట్ట విప్పుకుంటూ వెళ్లి, చివర కట్టిన సన్నటి దారాన్నీ ఫ్లైనీ నీళ్ల మీద మెల్లగా దించుతుంది.

ట్రౌట్ చల్లగా పారే నీళ్లలో బతికే చేప. ప్రవాహానికి ఎదురుగా ఒకచోట నిలబడి, కొట్టుకొచ్చే పురుగుల్ని తింటుంది. మన ఫ్లై కూడా నీటితో పాటే, నీటి వేగంతోనే రావాలి. దారం దాన్ని కాస్త లాగినా వెనక సన్నటి గీత పడుతుంది. ట్రౌట్ ఆ గీతను చూసి పక్కకి తప్పుకుంటుంది. పక్కన ఎవరైనా దబదబా నీళ్లలో నడిస్తే చాలాసేపటి దాకా అది మేతకే రాదు. ఈ వేటకి నిశ్శబ్దం, దూరం, ఓపిక కావాలనేది అందుకే. ఇది గొప్ప కోసం పెట్టుకున్న పద్ధతి కాదు, ఆ చేప స్వభావం అలాంటిది. తక్కువమంది ఉన్నప్పుడే బాగా సాగే ఆట ఇది. అసలు చిక్కు అక్కడే మొదలవుతుంది.

మొదట్లో ఇది ఆట కూడా కాదు. మాసిడోనియాలో ఒక నది ఒడ్డున జాలర్లు గాలానికి ఎర్ర ఉన్ని చుట్టి, కోడిపుంజు ఈకలు రెండు కట్టి చేపలు పట్టేవారని, సుమారు 1,800 ఏళ్ల క్రితం ఏలియన్ అనే రోమన్ రచయిత రాసిపెట్టాడు. వాళ్లు పట్టింది తినడానికే. అది పెద్దమనుషుల వినోదంగా స్థిరపడింది ఇంగ్లండ్‌లో. హాంప్‌షైర్‌లోని టెస్ట్, ఇచెన్ నదులు సుద్దరాయి నేలలోంచి ఊరే ఊటనీళ్లతో పారతాయి. అద్దంలా ఉంటాయి. వాటి ఒడ్లు భూస్వాముల సొత్తు. టెస్ట్ మీద 1822లో ఏర్పడిన హౌటన్ క్లబ్ లాంటి చోట్ల కొద్దిమంది సభ్యులకే ప్రవేశం. ఆ వాతావరణంలోనే ఫ్రెడరిక్ హాల్ఫర్డ్ అనే ఆయన 1880ల్లో నియమాలు గట్టిపరిచాడు. నీటి పైకి వచ్చి మేస్తున్న చేపకే, పైన తేలే ఫ్లైనే, దిగువ నుంచి ఎగువకే వేయాలన్నాడు. జి.ఇ.ఎం. స్క్యూస్ అనే లాయరు దాన్ని ఒప్పుకోలేదు. చేప ఎక్కువ భాగం తినేది నీటి అడుగున పెరిగే పురుగు పిల్లల్ని, నింఫ్‌లని కదా, అలాంటి ఫ్లైని ముంచి వేస్తే తప్పేంటని అడిగాడు. ఆ తగువు ముదిరి ముదిరి, 1938లో లండన్‌లోని ఫ్లైఫిషర్స్ క్లబ్‌లో పెద్ద చర్చ పెట్టుకునేదాకా వెళ్లింది.

ఇది గుర్తుపెట్టుకోవాలి. జనం వచ్చి మర్యాదలు పాడుచేశారని ఇప్పుడు బాధపడేవాళ్లు, పూర్వం అందరూ ఒకే మాట మీద ఉన్నట్టు మాట్లాడతారు. అలా ఎప్పుడూ లేదు. పదిమంది ఉన్నప్పుడు కూడా కొట్టుకున్నారు. కాకపోతే ఆ పదిమందికీ ఒకరి ముఖం ఒకరికి తెలుసు. ఒకరి తర్వాత ఒకరు అదే మడుగు దగ్గర నిలబడి నేర్చుకున్నవాళ్లు. తప్పు చేస్తే సాయంత్రం ఒకే బల్ల దగ్గర కూర్చోవాలి.

అమెరికాలో కథ వేరు. ముఖ్యంగా మోంటానాలో. అక్కడి సుప్రీంకోర్టు 1984లో ఇచ్చిన తీర్పుల వెనకే 1985లో ఒక చట్టం వచ్చింది. నది పక్క భూమి ఎవరిదైనా సరే, మామూలుగా వరద నీళ్లు ఎక్కే గుర్తు దాకా నదిలో నడిచే హక్కు అందరికీ ఉంది. వంతెన దగ్గర దిగి, నీటి గట్టున ఎంత దూరమైనా పోవచ్చు. కోటీశ్వరుడి పొలం మధ్యలో పారే నదిలో కూడా నాలాంటి విద్యార్థి నిలబడి చేపలు పట్టొచ్చు. ఇంతకన్నా న్యాయమైన చట్టం ఈ విషయంలో ఇంకోటి ఉందని నేననుకోను. కానీ ఇంగ్లండ్‌లో గేటు చేసే పని మోంటానాలో ఏ గేటూ చేయదు. జనం ఎంతమంది వస్తే అంతమందీ నదిలోనే ఉంటారు.

1992లో రాబర్ట్ రెడ్‌ఫోర్డ్ దర్శకత్వంలో ‘ఎ రివర్ రన్స్ త్రూ ఇట్’ అనే సినిమా వచ్చింది. మిజూలా ఊళ్లో ఒక పాస్టర్, ఆయన ఇద్దరు కొడుకులు, వాళ్లు చేపలు పట్టే బ్లాక్‌ఫుట్ నది. చిన్న కొడుకుగా బ్రాడ్ పిట్. సాయంత్రపు ఎండలో బంగారు తీగలా గాలిలో మెలికలు తిరిగే ఆ దారాన్ని తెర మీద చూసి, రాడ్ ఎప్పుడూ ముట్టనివాళ్లు కూడా రాడ్లు కొన్నారు. ఆ ఛాయాగ్రహణానికి ఆస్కార్ వచ్చింది. అక్కడి గైడ్లు ఇప్పటికీ కాలాన్ని ‘సినిమాకి ముందు’, ‘సినిమా తర్వాత’ అని చెప్పుకుంటారు. బాధాకరమైన సంగతి ఏంటంటే, కథలోని బ్లాక్‌ఫుట్ అప్పటికే గనుల వల్ల, అడవి నరికివేత వల్ల దెబ్బతిని ఉంది. చిత్రీకరణ ఎక్కువ భాగం గాలటిన్ నది మీద జరిగింది. లోకమంతా ప్రేమించిన నది ఒకటి, తెరమీద కనిపించింది ఇంకొకటి.

సినిమా చూసి వచ్చినవాళ్లకి ఆ అందం తెలుసు. ఆ గంట తెలీదు. దాన్ని ఎవరో పక్కన కూర్చుని చెప్పాలి. చెప్పేవాళ్లు వందల్లో ఉంటే వచ్చేవాళ్లు వేలల్లో ఉన్నారు.

తర్వాత రెండేళ్లకే, 1994లో, మాడిసన్ నదిలో వర్లింగ్ వ్యాధి బయటపడింది. యూరప్ నుంచి వచ్చిన సూక్ష్మజీవి అది. నది బురదలో ఉండే ఒక పురుగులో పెరిగి, అక్కడి నుంచి చేపపిల్లల లేత, మెత్తటి ఎముకల్లోకి చేరుతుంది. వెన్ను వంకరపోయి, పిల్లలు గుండ్రంగా తిరుగుతూ చచ్చిపోతాయి. ఎగువ మాడిసన్‌లో రెయిన్‌బో ట్రౌట్ సుమారు 90 శాతం పడిపోయాయి. ఆ తర్వాతి ఏళ్లలో కొంత కోలుకున్నాయి. దాన్ని తెచ్చింది కొత్తగా వచ్చిన జనమే అని ఎవరూ రుజువు చేయలేదు, నేనూ అనను. కానీ ఒక నదిలో నిలబడిన బూటు రేపు ఇంకో నదిలో నిలబడుతుంది, దానికి అంటిన బురద కూడా వెళ్తుంది అన్న స్పృహ అప్పటి నుంచే వచ్చింది. న్యూజిలాండ్‌లో 2004లో డిడిమో అనే నాచు కనిపించింది. రాళ్ల మీద మందంగా, చీమిడిలా పరుచుకునే రకం అది. దాంతో 2008లో అక్కడ బూట్ల అడుగున వేసే ఫెల్ట్‌ని నిషేధించారు. తడిరాళ్ల మీద జారకుండా పట్టు ఇచ్చేది ఆ ఫెల్టే. కానీ తొందరగా ఆరదు, సూక్ష్మజీవుల్ని మోస్తుంది. ఒకప్పుడు మంచి వేటగాడి గుర్తుగా ఉన్న బూటు ఇలా నిషిద్ధ వస్తువైంది.

కరోనా ఏడాది ఇంకో పెద్ద అల వచ్చింది. ఇంట్లో బందీలైన జనానికి నదే దిక్కైంది. అక్కడి పరిశ్రమ సర్వే ప్రకారం 2020లో అమెరికాలో 5 కోట్ల 47 లక్షల మంది ఏదో ఒక రకంగా చేపలు పట్టారు. అందులో ఫ్లై ఫిషింగ్ చేసినవాళ్లు సుమారు 78 లక్షలు. అంతకు ముందు ఏడాది కన్నా ఏడెనిమిది లక్షలు ఎక్కువ. అయితే అసలు మార్పు ఈ అంకె కన్నా చేతిలోని ఫోన్ తెచ్చిందని నా అభిప్రాయం. ఫలానా వంపు దగ్గర, ఫలానా రాయి కింద అని పూర్వం ఒకరికొకరు చెవిలో చెప్పుకునేవాళ్లు. చెప్పేముందు మనిషిని చూసుకునేవాళ్లు. ఇప్పుడు ఒక ఫొటో, వెనక కనిపించే కొండ, కింద లొకేషన్ ట్యాగ్ చాలు. వచ్చే శనివారానికి ఆ వంపు దగ్గర పది కార్లు. దీన్ని వాళ్లు స్పాట్ బర్నింగ్ అంటారు, చోటుని కాల్చేయడం. మాట కటువుగా ఉన్నా, చిన్న వాగుల విషయంలో సరిపోయే మాటే. మాడిసన్ లాంటి పెద్ద నది వందమందిని తట్టుకుంటుంది. అడుగున్నర లోతు వాగులో ఉన్న ఇరవై చేపలు తట్టుకోలేవు.

మర్యాదల సంగతి ఒకటి దగ్గరగా చెప్తాను. నీళ్లలో నడుస్తూ పట్టేవాళ్లలో చాలామంది దిగువ నుంచి ఎగువకి కదులుతారు. చేప ఎగువకే చూస్తూ ఉంటుంది కాబట్టి వెనక నుంచి వస్తున్న మనిషిని చూడదు. అంటే నాకు ఎగువన ఉన్న ఖాళీ నీళ్లు, ఇంకో గంటలో నేను చేరబోయే నీళ్లు. ఎవరైనా నన్ను దాటి వెళ్లి, నాకు యాభై అడుగుల ఎగువన దిగారంటే నా మధ్యాహ్నమంతా తీసేసుకున్నట్టే. దీనికి హై హోలింగ్ అని పేరు. నాకు ఇలా జరిగిన ప్రతిసారీ మొదట కోపం వచ్చేది. ఒకసారి వెళ్లి మాట్లాడాను. ఆ కుర్రాడు నిజంగా బిత్తరపోయాడు. మీకు యాభై అడుగుల దూరం వదిలాను కదా, మధ్యలో అంత ఖాళీ ఉంది కదా అన్నాడు. అతను చూసింది ఖాళీ. నాకు నేర్పినాయన చూడమన్నది, మనిషి ఎటువైపు నడుస్తున్నాడో. ఏ వీడియోలోనైనా ముడి ఎలా వేయాలో చూపిస్తారు, ఏ ఫ్లై కొనాలో చెప్తారు, ఈ ఒక్క ముక్క చెప్పేవాళ్లు తక్కువ.

ట్రౌట్ గుడ్లు పెట్టే గుంటల విషయమూ ఇంతే. ఆడ ట్రౌట్ తోకతో గులకరాళ్లు తోడి గుంట చేసి గుడ్లు పెడుతుంది. ఆ గుంటనే రెడ్ అంటారు. చుట్టూ రాళ్లు నాచుతో నల్లగా ఉంటే అక్కడ మాత్రం శుభ్రంగా, తెల్లగా మెరుస్తుంది. బ్రౌన్ ట్రౌట్ శరదృతువులో, రెయిన్‌బో వసంతంలో గుడ్లు పెడతాయి. తెలిసినవాళ్లు ఆ తెల్లటి మచ్చ కనిపిస్తే చుట్టూ తిరిగి వెళ్తారు. తెలియనివాళ్లకి నడవడానికి అదే అన్నిటికన్నా అనువైన చోటుగా కనిపిస్తుంది. ఒక్క అడుగు కింద వచ్చే ఏడాది చేపలు నలిగిపోతాయి. వాళ్లని దుర్మార్గులు అనలేం. ఎవరూ చెప్పలేదు, అంతే.

ఇప్పుడు అన్నిటికన్నా చిక్కైన ముడి, పట్టి వదిలేయడం. మొదట్లో ఫోన్లో ఈ సంగతి చెబితే మా అమ్మ నమ్మలేదు. “అంత చలిలో నిలబడి పట్టి, మళ్లీ వదిలేయడమేంట్రా? తిననప్పుడు దాన్నెందుకు ఏడిపించడం?” అంది. పుస్తెలమ్మైనా పులస తినాలనే నేల మాది, ఆవిడ అడగడంలో వింత లేదు. చాలా ఏళ్లకి తెలిసింది, సరిగ్గా ఆ ప్రశ్ననే స్విట్జర్లాండ్ చట్టంగా రాసిందని. వదిలేయాలన్న ఉద్దేశంతోనే చేపలు పట్టడం అక్కడ 2009 నుంచి నిషిద్ధం. జర్మనీలో కూడా, సరైన కారణం లేకుండా జంతువుని బాధపెట్టకూడదన్న చట్టం కింద అది నేరమే అవుతుంది. తినడానికైతే పట్టు, ఆటకైతే వద్దు అని వాళ్ల తర్కం.

అమెరికా దారి వేరు. 1930ల్లో లీ వుల్ఫ్ అనే వేటగాడు, ఇంత విలువైన చేపను ఒక్కసారి పట్టడంతో ముగించేయకూడదని వాదించాడు. అప్పట్లో జనం పెరిగేకొద్దీ ప్రభుత్వాలు చేసిన పని, హేచరీల్లో ట్రౌట్ పెంచి లారీల్లో తెచ్చి నదుల్లో పోయడం. మాడిసన్‌లో డిక్ విన్సెంట్ అనే జీవశాస్త్రవేత్త పరిశోధించి, అలా పోయడం వల్ల నదిలో పుట్టి పెరిగిన చేపలే తగ్గిపోతున్నాయని చూపించాడు. మోంటానా 1974లో ట్రౌట్ బతికే నదుల్లో హేచరీ చేపలు వదలడం ఆపేసింది. అప్పుడది చాలామందికి నచ్చలేదు. ఇప్పుడు మోంటానా పేరు నిలబెట్టింది ఆ నిర్ణయమే. నదిలో పుట్టిన చేపలే ఆధారమైనప్పుడు, పట్టిన ప్రతిదాన్నీ వండుకుంటే మిగలవు. వదిలేయడం ధర్మమైంది. అది పాతికమంది వదిలినప్పటి లెక్క. వెయ్యిమంది వదిలినప్పుడు ఏమవుతుందో అప్పుడెవరూ ఆలోచించే అవసరం రాలేదు.

వదిలిన చేప బతుకుతుందా లేదా అన్నది, ఎలా వదిలారు, ఎప్పుడు వదిలారు అన్నదాన్ని బట్టి ఉంటుంది. 1992లో అచ్చయిన ఒక ప్రయోగంలో రెయిన్‌బో ట్రౌట్లని అలిసిపోయేదాకా ఈదించి, కొన్నిటిని గాలిలో ఉంచి మళ్లీ నీళ్లలో వేశారు. 12 గంటల్లో చనిపోయినవి, గాలిలో అసలు ఉంచనివాటిలో 12 శాతం, 30 సెకన్లు ఉంచినవాటిలో 38 శాతం, నిమిషం ఉంచినవాటిలో 72 శాతం. అది ట్యాంకులో చేసిన ప్రయోగం. తర్వాత నదుల దగ్గరే చేసిన పరిశోధనల్లో మరణాలు ఇంతకన్నా బాగా తక్కువని తేలింది. అయినా ఆ 30 సెకన్లు నా మనసులో ఉండిపోయాయి. ఎందుకంటే ఫోన్ తీయడం, స్నేహితుణ్ణి పిలవడం, చేపని రెండు చేతులా ఎత్తి నవ్వడం, బాగా రాలేదని ఇంకోటి తీయడం, ఇదంతా నిమిషంలో అవ్వదు. చేప బొమ్మ ఊళ్లన్నీ తిరుగుతుంది. చేప సంగతి ఎవరికీ తెలీదు. ఈ అలవాటుకి వ్యతిరేకంగా మళ్లీ అదే ఫోన్లలో, చేపని తడిగా ఉంచండి అన్న ప్రచారం పుట్టింది. ‘కీప్ ఎమ్ వెట్’ అని హ్యాష్‌ట్యాగ్. ఇప్పుడు చాలామంది చేతులు తడుపుకుని, నీటిమట్టానికి అంగుళం పైన ఉంచి ఒక్క ఫొటో తీసి వదిలేస్తున్నారు. గాలపు ముల్లుకి ఉండే వెనక్కి తిరిగిన చిన్న కొనని పట్టకారుతో నొక్కేస్తున్నారు. అలా చేస్తే చేప నోట్లోంచి తేలిగ్గా ఊడి వస్తుంది.

ఇక ఎండ. నీళ్లు వేడెక్కితే వాటిలో ఆక్సిజన్ తగ్గుతుంది, చేపకి పెనుగులాట తర్వాత కోలుకునే శక్తి ఉండదు. అందుకే మోంటానాలో నీటి వేడి వరసగా మూడు రోజులు 73 డిగ్రీల ఫారెన్‌హీట్, అంటే సుమారు 23 సెల్సియస్ తాకితే, మధ్యాహ్నం 2 నుంచి అర్ధరాత్రి దాకా చేపలు పట్టనివ్వరు. గుడ్లగూబ పేరు మీద దీన్ని హూట్ అవుల్ అంటారు. 2016 ఆగస్టులో యెల్లోస్టోన్ నదిలో కిడ్నీ వ్యాధితో వైట్‌ఫిష్ వేలల్లో చచ్చి తేలినప్పుడు, 183 మైళ్ల నదినీ దాని ఉపనదుల్నీ మొత్తంగా మూసేశారు. తెప్పలు, గాలాలు, ఈత, అన్నీ బంద్. ఆ వారం గైడ్ల ఇళ్లలో ఎంత టెన్షనో. వాళ్లకి ఏడాది సంపాదనంతా వేసవి మూడు నెలల్లోనే.

ఇంతదాకా చెప్పింది విని జనం రాకపోతేనే బాగుండేదని ఎవరికైనా అనిపిస్తే, నేను ఒప్పుకోను. ఎవరు వచ్చారో చూడాలి. ఈ ఆటలో ఆడవాళ్లు మొదటి నుంచీ ఉన్నారు. 1890ల్లో చేపల వేట సామాను అమ్మే ఆర్విస్ కంపెనీలో ఫ్లైలు కట్టే విభాగాన్ని నడిపింది మేరీ ఆర్విస్ మార్బరీ. దూరం విసిరే పోటీలో మగవాళ్లందరినీ ఓడించి 1951లో గెలిచింది జోన్ వుల్ఫ్. అయినా షాపుల్లో ఆడవాళ్ల కొలతల్లో, నీళ్లలో నిలబడేటప్పుడు వేసుకునే ప్యాంట్లు దొరకడానికి దశాబ్దాలు పట్టింది. రొమ్ము క్యాన్సర్ నుంచి కోలుకుంటున్న ఆడవాళ్లని నదికి తీసుకెళ్లే కాస్టింగ్ ఫర్ రికవరీ 1996లో, గాయపడ్డ సైనికులకి రాడ్ చేతికిచ్చే ప్రాజెక్ట్ హీలింగ్ వాటర్స్ 2005లో మొదలయ్యాయి. సర్జరీ తర్వాత బిగుసుకుపోయిన భుజానికి ఆ మెల్లటి ఊపు మంచి వ్యాయామం కూడా. ఇంగ్లండ్ క్లబ్ గేటు దగ్గర వీళ్లలో ఎంతమందిని లోపలికి రానిచ్చేవారు? నన్ను రానిచ్చేవారా?

డబ్బు సంగతి కూడా ఉంది. అమెరికాలో 1950 నాటి చట్టం ప్రకారం చేపల వేట సామాను మీద వేసే 10 శాతం పన్ను తిరిగి చేపల సంరక్షణకే రాష్ట్రాలకి పంచుతారు. లైసెన్సు రుసుం దానికి అదనం. గాలం కొన్న ప్రతివాడూ నదికి కొంత కడుతున్నట్టే. ఓట్లూ అంతే. గుట్టల మీద పోసిన ఖనిజంలోంచి సైనైడ్‌తో బంగారం తీసే గని బ్లాక్‌ఫుట్ ఎగువన రాబోతుంటే, 1998లో మోంటానా ప్రజలు ఓటేసి ఆ పద్ధతినే నిషేధించారు. బ్లాక్‌ఫుట్, క్లార్క్ ఫోర్క్ నదులు కలిసే చోట వందేళ్ల నాటి మిల్‌టౌన్ డ్యామ్ వెనక ఆర్సెనిక్ కలిసిన గని మట్టి పేరుకుపోయి ఉండేది. 2008లో ఆ డ్యామ్ తెంచి, నీళ్లు వదిలారు. సినిమా చూసి బ్లాక్‌ఫుట్‌ని ప్రేమించిన జనం ఆ పనులకి వెనక నిలిచిన బలంలో ఒక భాగం. అలాస్కాలో పెబుల్ అనే గని రాకుండా 2023లో ఆపడానికి మూలవాసులతో, జాలర్లతో పాటు గొంతు కలిపినవాళ్లలో ఫ్లై వేటగాళ్లూ ఉన్నారు. ఎవరికీ తెలియని నదిని ఎవరు కాపాడతారు?

మన దేశంలోనూ ఈ కథ ఒక రూపంలో నడిచింది. కశ్మీర్‌కి ట్రౌట్ గుడ్లు బ్రిటన్ నుంచి ఓడలో తెచ్చారు. మొదటి విడత దారిలో పాడైపోయింది, 1900లో వచ్చినవి బతికాయి. ఇప్పటికీ అక్కడ లిడ్డర్ లాంటి నదుల్ని ముక్కలుగా విడదీసి, ఒక్కో ముక్కకి రోజుకి ఇంతమందికే పర్మిట్ ఇస్తారు. అది ఇంగ్లండ్ గేటే, కాకపోతే ప్రభుత్వం చేతిలో ఉంది. కర్ణాటకలో కావేరి మీద మాసీర్ చేపకి రాగిముద్ద ఎరగా వేసి, పట్టి వదిలే క్యాంపులు ఏళ్ల తరబడి నడిచాయి. అభయారణ్యంలో వేట చట్టవిరుద్ధమని 2012లో మూసేశారు. ఆ క్యాంపుల్లో వేటగాళ్లు ఏ రోజు ఏ చేప పట్టారో రాసిన పుస్తకాలు తర్వాత శాస్త్రవేత్తలకి చేరాయి. కావేరికే సొంతమైన మూపు మాసీర్ ఏడాదికేడాది తగ్గిపోతూ, వేటకోసం బయట నుంచి తెచ్చి వదిలిన నీలిరెక్కల మాసీర్ పెరుగుతూ రావడం ఆ లెక్కల్లోనే బయటపడింది. 2018లో మూపు మాసీర్‌ని తీవ్రంగా అంతరించే ప్రమాదంలో ఉన్న జాతిగా ప్రకటించారు. వేటగాళ్ల కోసం చేసిన పనే దాన్ని దెబ్బతీసి ఉండొచ్చు, ఆ సంగతి లోకానికి తెలిసిందీ వేటగాళ్ల పుస్తకాల వల్లే. రెండూ ఒకే చేతి పనులు.

ఫ్లై కట్టే బల్ల దగ్గర కూడా ఈ మార్పు కనిపిస్తుంది. ఫ్రాంక్ సాయర్ అని ఇంగ్లండ్‌లో ఏవన్ నదికి కాపలాదారు ఉండేవాడు. ఆయన కట్టిన ఫెజెంట్ టెయిల్ అనే ఫ్లైలో దారమే ఉండదు. గాలపు ముల్లు మీద సన్నటి రాగితీగ చుట్టి, ఫెజెంట్ పక్షి తోకలోంచి నాలుగైదు ఈక పోగులు తీసి, ఆ తీగతోనే మెలేసి వెనక నుంచి ముందుకి చుట్టి, వీపు దగ్గర మడిచి కట్టేస్తే అయిపోయింది. తీగ బరువుకి మునుగుతుంది, ఈక రంగుకి పురుగులా కనిపిస్తుంది. నేను మొదట కట్టింది అదే, ఇప్పటికీ ఎక్కువ వేసేదీ అదే. షాపుల్లో రెండుమూడు డాలర్లకి దొరికే ఫ్లైలు ఇప్పుడు ఎక్కువగా కెన్యా, శ్రీలంక, థాయ్‌లాండ్ వర్క్‌షాపుల్లో, చాలావరకు ట్రౌట్ వేట ఎరగని చేతులు కట్టినవి. గిరాకీ అంత పెరిగింది. 2011లో అయితే ఇంకోటి జరిగింది. జుట్టులో పొడుగాటి కోడి ఈకలు పెట్టుకోవడం అమెరికాలో ఫ్యాషనైంది. ఫ్లైల కోసం తరాల తరబడి ఎంచి పెంచిన కోళ్ల ఈకలు బ్యూటీ పార్లర్లకి పోయి, ఫ్లై షాపుల అరలు ఖాళీ అయ్యాయి. ఒకరి ఆటలోకి ఇంకొకరు వచ్చి పడితే ఎలా ఉంటుందో ఆ ఏడాది వేటగాళ్లకి ఇంకోవైపు నుంచి అర్థమై ఉంటుంది.

పోయిన జులైలో మళ్లీ మాడిసన్ వెళ్లాను. నాకు నేర్పిన పెద్దాయన ఇప్పుడు లేడు. ఎనిస్ ఊరి ఎగువన, పార్కింగ్‌లో చోటు లేక మూడో రేవు దాకా పోవాల్సి వచ్చింది. అక్కడ ఒక కుర్రజంట, ఒంటిమీద సామానంతా కొత్తదే, ట్యాగ్ గుర్తు కూడా పోలేదు. నేను దిగువనే ఆగిపోయాను. వాళ్లు నన్ను చూసి, మీరు ఎగువకి వెళ్తున్నారా, అయితే మేం ఇటు తిరుగుతాం అన్నారు. ఎవరు నేర్పారని అడిగాను. వీడియోలో చూశామని ఆ అమ్మాయి ఫోన్ చూపించింది. అందులో ఒకావిడ నది ఒడ్డున కూర్చుని ఉంది. రాడ్ ఒళ్లో ఉంది. పదినిమిషాలైనా నీళ్లలోకి దిగలేదు, అవతలి మనుషుల్ని, రాళ్లని, నీటి మీది పురుగుల్ని వేలితో చూపిస్తూ మాట్లాడుతూనే ఉంది.

ఒంటిగంట దాటాక ఆ అమ్మాయి తాడుకి కట్టిన థర్మామీటర్ నీళ్లలో వేసి, నిమిషం ఆగి తీసింది. డెబ్భై రెండు ఫారెన్‌హీట్. ఆ రోజుకి అక్కడ ఇంకా మూసివేత బోర్డు పెట్టలేదు. ఇద్దరూ ఏదో మాట్లాడుకుని, దారం చుట్టేసి, ఒడ్డున కూర్చుని బూట్లకి అంటిన బురదని బ్రష్‌తో రుద్దడం మొదలుపెట్టారు.